వియ్యపురాలి పళ్ళెంలో ఎముక

అక్టోబరు 14

ఈ ఇంట్లో నోరు తెరిస్తే చాలు, ఫోనులోకి ఎక్కుతుంది. అందుకని రాస్తున్నాను. అయిదో తరగతితో గొర్రెల వెంట పోయినదాన్ని. నా అక్షరాలూ గొర్రెల్లాగే తలోవైపు పోతాయి. పోనీ, చదివేది నేనే కదా.

మేరిమ్ ఇవాళ టీ పోస్తూ చెప్పింది, మా వీడియోల ఛానల్లో ప్రకటనల మీద వచ్చే డబ్బు పడిపోయిందట. వేసవి నుంచీ తగ్గుతోందట, నాకు చెప్పలేదు. చెబితే నేను నిద్రపోనని. ఇప్పుడు చెప్పింది కాబట్టి ఇప్పుడు నిద్రపోను. తేడా ఏముంది?

"ఒక్క ఆవు మీద బతికే ఇల్లు అపా మనది. అది వట్టిపోతే ఏం తాగుతాం? ఇంకో రెండిటిని కట్టెయ్యాలి" అంది. పెద్ద ఆడవాళ్ళని పిలిచినట్టు నన్ను అపా అంటుంది.

గడ్డి ఎక్కడుందే అన్నాను. నిజం ఆవులే అనుకున్నాను. నా కోడలు మంచిది, నవ్వలేదు.

మూడేళ్ళ కిందట నేను పిండిముక్కలు, అవే బోర్సోక్‌లు, నూనెలో వేయిస్తూ నూనె ధరనీ, నా కొడుకు కుబాత్ వ్యాను టైర్లనీ, పక్కింటి కుక్కనీ, ఆఖరికి దేవుణ్ణీ వరసపెట్టి సణుగుతుంటే నాకు తెలియకుండా మేరిమ్ ఫోనులో పట్టింది. దానికి మా ఊరు కోచ్‌కోర్ అంతా నవ్వింది, తర్వాత నరీన్ పట్నం నవ్వింది, తర్వాత మనవాళ్ళు ఎక్కడెక్కడ ఉంటే అక్కడ నవ్వారు. అప్పట్నుంచీ నేను వేయిస్తాను, సణుగుతాను, అది పడుతుంది. చలికాలం బొగ్గు ఆ సణుగుడు మీదే వస్తోంది. కుబాత్ వ్యాను ఇంజను దాని మీదే బాగుపడింది. నా కొడుకు రోజూ ఆ లోయ దారిలో బిష్కెక్ పోయి వస్తాడు, రాళ్ళు పడతాయి, మంచు పడుతుంది, ఇంజనైనా గట్టిగా ఉండాలి కదా.

మేరిమ్ లెక్క ఇదీ. చూసేవాళ్ళంతా మనవాళ్ళే, మన భాషవాళ్ళే. రష్యన్ తెలిసినవాళ్ళు కూడా చూస్తే చాలా మంది అవుతారు. నేను కుట్టే ఉన్ని చెప్పులు అమ్మాలి. నెలనెలా డబ్బు కట్టి చూసేవాళ్ళకి ప్రత్యేకంగా ఏదో చూపించాలి. ఒకటి ఎండిపోతే ఇంకొకటి పాలిస్తుంది. అంతా బాగానే ఉంది. రష్యన్ ఎవరు మాట్లాడతారు? మేరిమ్‌కి వచ్చు కానీ అది ఫోను వెనకాల ఉండాలి. నాకు వచ్చిన రష్యన్ సంతలో రష్యన్. ఎంత, వద్దు, పో.

"మా అమ్మని పిలుద్దామా?" అంది మేరిమ్, కప్పులోకి చూస్తూ.

దాని అమ్మ అంటే కలీపా, నా వియ్యపురాలు. తోక్మోక్‌లో పెళ్ళిళ్ళు నడిపించేది, మైకు పట్టుకుని. నా కొడుకు పెళ్ళిలో మా వైపు మగాళ్ళని ఏడిపించింది, నవ్వించింది, ఆడించింది. ఆ పెళ్ళి మొత్తం నేను చేతిసంచీ పట్టుకుని ఒక మూల కూర్చున్నాను.

పిలువు అన్నాను. ఇంకేమంటాను. అల్లుడు నూరేళ్ళ చుట్టం, వియ్యం వెయ్యేళ్ళ చుట్టం అంటారు మనవాళ్ళు. వెయ్యేళ్ళు చాలా ఎక్కువ.

అక్టోబరు 17

ఆవిడకి మోకాళ్ళ నొప్పులట. రాలేకపోవచ్చట. పాపం.

అక్టోబరు 18

వచ్చింది.

అక్టోబరు 21

గుమ్మంలో నన్ను కావలించుకుని, వియ్యపురాలిని పిలిచే తీరులో "కుదాగీ, మీరు చిక్కిపోయారు" అంది. నేను చిక్కలేదు. ఆవిడ పక్కన అందరూ చిక్కినట్టే కనిపిస్తారు.

ఇవాళ మొదటిసారి ఇద్దరినీ కూర్చోబెట్టి పట్టింది మేరిమ్. నేను పిండి పిసుకుతుంటాను, ఆవిడ పక్కన కూర్చుని రష్యన్లో చెబుతుంటుంది. పిండి పిసకడానికి పట్టేంత సేపు కూడా ఆవిడ ఊపిరి తీసుకోలేదు. మధ్యలో నా వైపు చెయ్యి చూపిస్తుంది, ఏదో అంటుంది, తనే నవ్వుతుంది. నా గురించి ఏమంటోందో నాకు తెలియదు. నా వంటింట్లో, నా పిండి ముందు, నా గురించి.

తర్వాత చెప్పుల వీడియో. చెప్పులు కుట్టింది నేను, ఉన్ని తడిపి తొక్కింది నేను, నడుం పోయింది నాది. వేసుకుని కాళ్ళు చాపి కెమెరాకి చూపించింది ఆవిడ. చిన్న పాదాలు. ఆ పాదాలకి ఏం వేసినా బాగుంటుంది, గోనెసంచీ చుట్టినా బాగుంటుంది. అందులో నా పనితనం ఏముందని?

మేరిమ్ ఫోను వెనకాల నుంచి "అమ్మా, ఇంకోసారి" అంది. ఎంత మెత్తగా అందో. నాతో "అపా, చెయ్యి వెలుతురుకి అడ్డం" అంటుంది.

అక్టోబరు 25

వీడియోల కింద జనం రష్యన్లో రాసినవి నేను చదవలేను. మేరిమ్‌ని అడగబుద్ధి కాక తుర్సునైని పిలిచాను. పక్కింటామె, ఇదివరకు కొట్టు నడిపేది, రష్యన్ బాగా వచ్చు. ఆ కుక్క కూడా ఆమెదే. ఫోను దూరంగా పట్టుకుని చదివింది.

"కలీపాగారి నవ్వు ఎంత బాగుందో అన్నారు. కలీపాగారి చెప్పులు మాకూ కావాలి అన్నారు. ఇదిగో ఇంకొకరు, పక్కన కోపంగా కూర్చున్న ముసలామె ఎవరు అన్నారు."

"నేను కోపంగా లేను" అన్నాను.

"నాకెందుకు చెబుతావు, వాళ్ళకి చెప్పు" అంది తుర్సునై. నన్ను ఆటపట్టించడమంటే ఆమెకి ఎప్పుడూ కొంచెం సరదా ఎక్కువే. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఒకటి వదిలింది. "కన్నతల్లి ఉండగా అత్తగారితో ఛానల్ ఎన్నాళ్ళు నడుపుతుంది చెప్పు. నేనైతే నడపను."

చెప్పులకి అడిగినవాళ్ళు చాలా మంది ఉన్నారట. మేరిమ్ సంతోషంగా ఉంది. నేను కూడా సంతోషంగానే ఉన్నాను.

అక్టోబరు 30

నాకు కుళ్ళు లేదు. కుళ్ళు ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళు చెడిపోవాలని కోరుకుంటారు. నేను ఆవిడ మోకాళ్ళు బాగుపడాలని కోరుకుంటున్నాను. బాగుపడితే ఇంటికి వెళ్తుంది.

దిష్టి తగలకుండా గదంతా ఆర్చా చెట్టు కొమ్మ కాల్చి పొగ వేశాను. ఆవిడ చుట్టూ కూడా తిప్పాను. ఆవిడ దగ్గింది. నేను కావాలని దగ్గరగా పెట్టలేదు.

నవంబరు 4

రష్యన్ వైపు చూసేవాళ్ళు పెరుగుతున్నారు. మన వైపు వాళ్ళు అలాగే ఉన్నారు. మేరిమ్ గోడకి కాగితం అంటించి రెండు గీతలు గీసింది, ఒకటి నాది, ఒకటి వాళ్ళమ్మది అని అనలేదు కానీ నాకు తెలియదా? ఆవిడది పైకి పోతోంది. నాది టీ బల్లలాగా ఉంది.

ఇవి ఇలాగే పోతే ఏమవుతుందో ఆలోచిస్తున్నాను. ఇంకో నెలకి మేరిమ్ ఫోను నిలబెట్టే స్టాండు తీసుకుని తోక్మోక్ వెళ్తుంది. అక్కడ ఆవిడ వంటిల్లు తెల్లగా ఉంటుంది, కిటికీ పెద్దది. నేను ఇక్కడ ఎవరికోసం సణగాలి? అంతకుముందు డెబ్బై ఏళ్ళు ఎవరూ చూడకపోయినా సణిగాను, నిజమే. అప్పుడు చూసేవాళ్ళు ఉంటారని తెలియదు కదా.

నవంబరు 8

వియ్యపురాలి మర్యాద కోసం రేపు గొర్రెను కోస్తున్నాం. మేరిమ్ దాన్ని లైవ్‌లో పెడుతుందట, నెలనెలా కట్టేవాళ్ళ కోసం. లైవ్ అంటే జరుగుతున్నది జరుగుతున్నట్టే పోతుంది, కత్తిరించడం ఉండదు. పొయ్యి పొగ కక్కితే? కుబాత్ బూతు మాట అంటే? నాకు తుమ్ము వస్తే?

మాంసమున్న ఎముకలు నేను పంచాలి, ఇంటికి పెద్దదాన్ని కాబట్టి. పొట్టలో పడేది ఒకటే అయినా పళ్ళెంలో పడేది పరువు. ఊచా, తోక మొదట్లో కొవ్వుపట్టిన ఎముక, వచ్చిన పెద్ద ఆడమనిషిది. వియ్యపురాలు ఉంటే ఇంక మాటే లేదు, ఆవిడదే. ముంగాలి సన్నెముక గిన్నెలు తోమే పిల్లకోడళ్ళది. ఇది తెలియని పిల్ల ఈ ఊళ్ళో లేదు.

నవంబరు 9

అయింది. మాంసం బాగా ఉడికింది. గొర్రె మంచిదే.

పళ్ళెం నా ముందు పెట్టేసరికి కళ్ళజోడుకి ఆవిరి పట్టింది. ఆ ఆవిరిలో ఎముకలు తారుమారయ్యాయి. ఊచా నా పళ్ళెంలోకి వచ్చింది. కలీపాకి ముంగాలి ఎముక పోయింది.

ఆవిడ ఎముకని రెండు చేతులతో అందుకుని తినేసి, కెమెరాకి చూపించి, రష్యన్లో ఏదో మెచ్చుకుంది. మేరిమ్ ఫోనుని ఒక్కసారి పొయ్యి వైపు తిప్పేసింది. మంట చూపిస్తోందనుకున్నాను.

నవంబరు 10

ఆవిడ పొద్దున్నే కుబాత్ వ్యానులో వెళ్ళిపోయింది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయంది. గుమ్మంలో కావలించుకుంది. ఈసారి చిక్కిపోయారనలేదు.

మనవాళ్ళు ఛానల్ నిండా రాశారు. ఇవి నేనే చదవగలను, మెల్లగా చదివాను. వియ్యపురాలికి ముంగాలి ఎముకా అని. ఊచా తను తిందా అని. ఈ ఇంట్లో పిల్లనిచ్చినవాళ్ళ గతి ఇదా అని. చెప్పులు అడిగినవాళ్ళు వద్దంటున్నారు. నెలనెలా కట్టేవాళ్ళు మానేస్తున్నారు. కొందరు నన్ను వదిలి మేరిమ్‌ని తిట్టారు, కన్నతల్లికి జరిగింది చూస్తూ ఫోను పట్టుకుని నిలబడిందని.

రష్యన్ వైపు ఏమన్నారని తుర్సునైని అడిగాను. మాంసం చూస్తే నోరూరుతోంది అన్నారట. అంతే. వాళ్ళకి ఎముకంటే ఎముకే.

ఆవిరి పట్టింది.

నవంబరు 12

కుబాత్ అన్నం తింటూ తల ఎత్తకుండా అన్నాడు. "అమ్మా, ఆ వీడియో ఉంది. నువ్వు కళ్ళజోడు తీశావు, తుడిచావు, పెట్టుకున్నావు, అప్పుడు ఇచ్చావు."

"సరిగ్గా తుడవలేదు" అన్నాను.

వాడు రొట్టె ముక్క తీసి నా వైపు జరిపాడు. వాడి నాన్న కూడా అంతే, కోపం వస్తే రొట్టె జరిపేవాడు.

నవంబరు 16

స్టాండు మూలన ఉంది. మేరిమ్ నాతో బాగానే మాట్లాడుతుంది. టీ పోస్తుంది, మందు ఇస్తుంది, అపా చలిగా ఉందా అని అడుగుతుంది. ఫోను మాత్రం తియ్యదు. ఇవాళ బోర్సోక్‌లు వేయిస్తూ గట్టిగానే సణిగాను, బొగ్గు గురించి, మంచి సంగతులే దొరికాయి. అది వచ్చి చూసి, గిన్నె అందించి వెళ్ళిపోయింది.

ఇంక ఆవిడ లేదు. ఆ కుర్చీ నాదే. ఎదురుగా ఏమీ లేదు.

నవంబరు 17

మేరిమ్ తోక్మోక్‌కి ఫోను చేసి తల్లితో చాలాసేపు మాట్లాడింది, పెరట్లో నిలబడి, ఆ చలిలో. లోపలికి వచ్చాక ముక్కు ఎర్రగా ఉంది. ఏమిటని అడగలేదు. స్టాండు సంచీలో సర్దుతోందేమోనని రెండుసార్లు వెళ్ళి చూశాను. మూలనే ఉంది.

నవంబరు 19

తుర్సునై పరిగెత్తుకుంటూ వచ్చింది. కలీపా తోక్మోక్ నుంచి మన ఛానల్లో మాట్లాడిందట, మన భాషలో. చూశాను.

తెల్ల వంటిల్లు. పెద్ద కిటికీ. అనుకున్నట్టే ఉంది.

పెళ్ళిలో మాట్లాడినట్టే మొదలుపెట్టింది. "అందరూ మా వియ్యపురాలిని తిడుతున్నారట. ఆ ఎముక నేనే అడిగి పుచ్చుకున్నాను. నా పళ్ళ సంగతి మీకు తెలియదు. ఊచా కొరికితే పళ్ళన్నీ ఆ ఇంట్లోనే వదిలేసి రావాలి. ఆవిడ వద్దంటే వద్దంది, నేనే బతిమాలాను. ఆవిడకి అప్పట్నుంచీ ఒకటే దిగులు, నేను కడుపు నిండా తినలేదని. మీకు తెలుసుగా, ఆవిడకి అన్నిటికీ దిగులే."

జనం నవ్వారు. మన్నించమన్నారు. వెళ్ళిపోయినవాళ్ళు వెనక్కి వచ్చారట. కలీపా అపా ఎంత మంచి మనసో, ఎంత పెద్దరికమో అని రాస్తున్నారు. ఇంతకాలం ఆవిడకి రష్యన్ వైపే ఉండేవాళ్ళు. ఇప్పుడు మనవాళ్ళు కూడా.

"గట్టెక్కావు పో" అంది తుర్సునై.

నవంబరు 20

ఆవిడ పళ్ళు ఇనుప పళ్ళు. వాల్‌నట్ కాయలు పళ్ళతో పగలగొట్టడం నేను చూశాను.

నవంబరు 21

నిన్నంతా అన్నం సయించలేదు. నా తప్పు కూడా ఆవిడకే కలిసొచ్చింది. నేను ఎముక ఇస్తే దాన్ని కూడా పెళ్ళిపాట చేసింది. ఇక బతికినంత కాలం ఆవిడ కాపాడిన మనిషిగా తిరగాలి నేను. సంతకి వెళితే గుమ్మడికాయలమ్మే ఆమె, "మీ వియ్యపురాలు బంగారం" అంది. గుమ్మడికాయ తీసుకోకుండా వచ్చేశాను.

కాదని ఎలా చెప్పను? ఆవిడ అడగలేదని చెప్పాలంటే నేనిచ్చానని చెప్పాలి.

నవంబరు 22

మేరిమ్‌ని పిలిచి స్టాండు పెట్టమన్నాను. అపా, ఏం చేస్తున్నారు ఇవాళ, బోర్సోక్‌లా అంది. ఏమీ చెయ్యను, కూర్చుంటాను అన్నాను. ఉతికిన రుమాలు తలకి కట్టుకుని కూర్చున్నాను.

చెప్పింది ఇంతే. "కలీపా అబద్ధం చెప్పింది. ఆవిడ ఏ ఎముకా అడగలేదు. ఊచా ఆవిడదని నాకు తెలుసు. కళ్ళజోడు తుడుచుకుని, చూసి, నేనే ఇచ్చాను. నేను కుట్టిన చెప్పులు ఆవిడ కాళ్ళకి బాగున్నాయి, అందుకని ఇచ్చాను. నా కోడలికి ఇందులో ఏమీ తెలియదు. తిట్టేవాళ్ళు నన్ను తిట్టండి. ఆవిడని పొగడాల్సిన పని లేదు."

ఫోను వెనకాల మేరిమ్ భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. అడిగితే రెండూ అంది.

పెట్టేస్తావా అంటే, మనవాళ్ళకి పెట్టేస్తాను అంది. రష్యన్ వైపు వాళ్ళకి కూడా పెట్టు, అక్కడ నన్ను కోపంగా ఉన్న ముసలామె అన్నారు, ఎందుకు కోపమో తెలియనీ అన్నాను. వాళ్ళకి అర్థం కావాలంటే పైన రష్యన్లో గొంతు పెట్టాలట.

"నువ్వే చెప్పు, నీకు వచ్చుగా."

"మీ తప్పు నా నోటితో చెప్పనా అపా? కోడల్ని" అంది.

నిజమే. అలా చెప్పే కోడలు ఉంటే నేనే ముందు తిట్టేదాన్ని. తుర్సునై చెబుతానంది, కానీ ఆమె గొంతు కిటికీ తలుపులాగా కీచుమంటుంది.

ఇంకెవరున్నారు? ఎవరున్నారో ఇద్దరికీ తెలుసు.

నవంబరు 23

నేనే ఫోను చేశాను. పనుంది, రావాలి అన్నాను.

"నన్ను అబద్ధాలకోరునన్నారు, విన్నాను" అంది కలీపా.

"అవును."

"మరి నేను ఏ ముఖం పెట్టుకుని రాను, కుదాగీ?"

"ఉన్నదే పెట్టుకుని రండి, అది అందరికీ నచ్చుతోందిగా" అన్నాను.

ఫోనులో నవ్వు వినిపించింది. ఆ నవ్వు బాగానే ఉంటుంది, ఉన్నమాట అనుకోవాలి.

నవంబరు 26

వచ్చింది. నేను చెప్పింది మేరిమ్ ఫోనులో పెట్టింది. ఆవిడ చెవుల్లో తీగలు పెట్టుకుని రెండుసార్లు వింది, తర్వాత కళ్ళు మూసుకుని రష్యన్లో చెప్పడం మొదలుపెట్టింది.

నేను చెప్పింది నాలుగు ముక్కలు. ఆవిడ చెప్పింది టీ చల్లారేంత. ఒక చోట గొంతు గరుకుగా చేసింది, అది నేనే అని తెలిసింది. ఒక చోట ఆగింది. ఆ ఆగిన చోట నేను ఆగలేదు, నాకు బాగా గుర్తు. నా కుళ్ళు నాకంటే ఆవిడే బాగా చెబుతోంది. కూర్చుని వినాల్సి వచ్చింది.

అయ్యాక అడిగాను. "ఏం కలిపారు?"

"నా వంతు" అంది.

"మీ వంతేమిటి?"

రొట్టె తుంచుతూ, తినకుండా, చెప్పింది. "మూడేళ్ళు తోక్మోక్‌లో ఒక్కదాన్నే కూర్చుని మీ వీడియోలు చూశాను, కుదాగీ. ఒక్కటీ వదల్లేదు. ప్రతిదాంట్లో ఫోను వెనకాల నా కూతురి గొంతే. అపా ఉప్పు చాలు, అపా చెయ్యి కాలుతుంది, అపా కొంచెం నవ్వండి. నాతో వారానికోసారి మాట్లాడేది, అదీ వంట చేసుకుంటూ. మీ చెప్పులు వేసుకుని మీ వంటింట్లో కాళ్ళు చాపింది చలికి అనుకున్నారా?"

మేరిమ్ బొగ్గు తెస్తానని బకెట్ పట్టుకుని బయటికి వెళ్ళింది. బకెట్ నిండుగానే ఉంది.

టీ చల్లారింది, వేడిది పోయనా అన్నాను. పొయ్యండి అంది. పోశాను. ఇంకాసేపు కూర్చోమనే మర్యాదకి సగం కప్పే పోశాను, ఆవిడ దాన్ని తాగి మళ్ళీ చాపింది, మళ్ళీ పోశాను. అలా చాలా టీ తాగింది.

నవంబరు 27

కలీపా ఇంకా నిద్ర లేవలేదు. ఇక్కడే ఉంటుందట కొన్నాళ్ళు. మేరిమ్ ఇద్దరినీ కలిపి పడుతుందట, నేను మన భాషలో తిడితే ఆవిడ రష్యన్లో తిరిగి చెప్పాలట. నిన్నటి వీడియోకి కొందరు నన్ను తిట్టారు, కొందరు తమ వియ్యపురాళ్ళని తిట్టారు. చెప్పులకి మళ్ళీ అడుగుతున్నారు. అవన్నీ మేరిమ్ చూసుకుంటుంది.

ఇది రాయకూడదు. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

మూడేళ్ళు. మైకు పట్టుకుంటే పెళ్ళంతా లేచి నిలబడే మనిషి, చిన్న పాదాల మనిషి, మూడేళ్ళు కిటికీ పక్కన కూర్చుని నన్ను చూసి కుళ్ళుకుంది. నన్ను. నిద్రలేచినప్పట్నుంచీ అదే తలుచుకుంటున్నాను. పిండి ఎంత బాగా పొంగిందో ఇవాళ.

ఇక్కడ కూతురి పక్కనే ఉంటే ఆవిడకి ఆ కుళ్ళు తగ్గిపోతుందేమో. అదొక్కటే ఇప్పుడు నా బెంగ.